గ్రాహకం (ఔషధశాస్త్రం)

కణం పైన గాని, లోపల గాని ఉండి, నిర్దిష్ట రసాయనం అతుక్కున్నపుడు స్పందించే ప్రోటీనును గ్రాహకం అంటారు.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలతో సహా తెలంగాణలో కల్లు సంప్రదాయ పానీయము. కల్లులో కల్తీగా కలిపే ఆల్ప్రజోలం, డయజెపాం మందులు మెదడులోని గాబా-ఎ గ్రాహకాలకు అతుక్కుంటాయి. అపుడు క్లోరైడు అయానులు నాడీకణంలోకి ఎక్కువగా చేరి, దాని ఉద్రేకాన్ని తగ్గిస్తాయి, మత్తు కలుగుతుంది. రోజూ తాగేవారిలో గ్రాహకాల స్పందన క్రమంగా మందగిస్తుంది. అందువలన కల్తీ కల్లు ఒక్కసారిగా ఆగితే వణుకు, మూర్ఛలు, భ్రాంతులు కలుగుతాయి, ప్రాణాపాయమూ ఉంది. 2015లో తెలంగాణలో ఇలా అనేకులు ఆసుపత్రులలో చేరారు. వైద్యులు మందు మోతాదును క్రమంగా తగ్గిస్తూ మాన్పిస్తారు.

కుంగుబాటుకు వాడే ఫ్లుయాక్సెటిన్ పనితీరు వేరు. ఇది ముఖ్యంగా గ్రాహకంపై కాక, సెరటోనిన్‌ను తిరిగి కణంలోకి చేర్చే రవాణా ప్రోటీనుపై పనిచేస్తుంది. గుణం కనబడడానికి సాధారణంగా 2 నుండి 4 వారాలు పడుతుంది. కనుక తొందరపడి మానరాదు.