జీపు కింద రబ్బరు ముక్కలు

పాడేరు దగ్గర ఒక ఊళ్లో మా పిన్ని, బాబాయి ఉంటారు. వాళ్లకు ఒక పాత మహీంద్రా జీపు ఉంది. పైన గుడ్డ టాపు, వెనక రెండు బల్లలు. సంత రోజు వస్తే పసుపు బస్తాలు, చింతపండు బుట్టలు, మనుషులు, కోళ్లు అన్నీ ఆ జీపులోనే. బాబాయి బండి నడుపుతాడు. డబ్బుల లెక్క పిన్నిది.

ఒకసారి ఆ జీపు చప్పుడు మారింది. చక్రం గుంతలో పడితే చాలు, కింద నుంచి ఇనుము మీద ఇనుము కొట్టినట్టు మోత. వెనక తలుపు గొళ్లెం దాని చోట అది పడటం లేదు. కాళ్ల కింద రేకు అదురుతోంది.

"ఏటయ్యా ఆ చప్పుడు? కమాను పట్టీ విరిగిందేటి?" అని అడిగింది పిన్ని.

బాబాయి టార్చిలైటు పట్టుకుని కిందికి దూరి చూశాడు. కమాను పట్టీలు బాగానే ఉన్నాయి. "బాడీ రబ్బర్లు పోయాయే" అన్నాడు.

బాడీ రబ్బర్లు అంటే ఏమిటి?

జీపులో రెండు పెద్ద భాగాలు ఉంటాయి. కిందది ఛాసిస్. అది బలమైన ఇనుప చట్రం. ఇంజను, చక్రాలు, కమాను పట్టీలు దానికే ఉంటాయి. పైది బాడీ. మనం కూర్చునే రేకు పెట్టె అన్నమాట. బాడీని ఛాసిస్ మీద పెట్టి బోల్టులతో బిగిస్తారు. కానీ ఇనుము మీద ఇనుము నేరుగా పెట్టరు. మధ్యలో రబ్బరు ముక్కలు పెడతారు.

మనం నీళ్ల బిందె తలకెత్తుకునేటప్పుడు ఏం చేస్తాం? ముందు చుట్టకుదురు పెట్టుకుంటాం. అది లేకపోతే తల నొప్పి పుడుతుంది, బిందె కుదురుగా నిలవదు. జీపుకు ఈ రబ్బరే చుట్టకుదురు. ఘాట్ రోడ్డులో ఒక చక్రం పైకి, ఒక చక్రం కిందికి పోయినప్పుడు ఛాసిస్ కొంచెం మెలి తిరుగుతుంది. ఆ మెలిక రేకు మీద పడకుండా రబ్బరు మధ్యలో సర్దుకుంటుంది.

ఒక్కో బోల్టు దగ్గర మామూలుగా ఛాసిస్ పైన ఒక రబ్బరు, కింద ఒక రబ్బరు ఉంటాయి. వాటి మధ్యలో చిన్న ఇనుప గొట్టం. అడుగున వెడల్పు వాషరు, నట్టు. బండికి ఇలాంటివి ఎన్ని ఉంటాయన్నది మోడల్‌ను బట్టి మారుతుంది.

అమెరికాలో విల్లీస్ అనే కంపెనీ 1941 నుంచి సైన్యం కోసం జీపులు తయారు చేసింది. మన దేశంలో మహీంద్రా వాళ్లు 1940ల చివర్లో విల్లీస్ జీపులనే ముంబైలో బిగించడం మొదలుపెట్టారు. అప్పటి నుంచి వచ్చిన పాత జీపులన్నిటికీ బాడీ వేరు, ఛాసిస్ వేరు. అంబాసిడర్, మారుతి 800 లాంటి కార్లు అలా కాదు. వాటికి విడిగా ఛాసిస్ లేదు. కాబట్టి ఇక్కడ చెప్పే పని వాటికి పనికిరాదు.

రబ్బరు ఎందుకు పోతుంది? గాలికి, ఎండకి, వేడికి ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడి బీటలు వేస్తుంది. ఆయిలు, డీజిలు పడితే ఉబ్బి మెత్తబడుతుంది. పైన బరువు ఎలాగూ ఉంది. నలిగి నలిగి ఒకనాటికి అప్పడంలా తయారవుతుంది. అప్పుడు బాడీ వచ్చి ఛాసిస్‌కు కొట్టుకుంటుంది. బోల్టు రంధ్రం పెద్దదవుతుంది. చుట్టూ రేకు చిరుగుతుంది. అక్కడిదాకా వస్తే రబ్బరు మార్చినా లాభం లేదు, వెల్డింగు పని పడుతుంది.

షెడ్డుకు తీసుకెళ్తే "బండి వదిలిపెట్టండి, పది రోజులు పడుతుంది" అన్నారు. పది రోజులంటే ఒకటో రెండో సంతలు పోయినట్టే. బండి అప్పు వాయిదా కట్టేది సంత డబ్బులతోనే. "ఇంటి దగ్గరే చేసుకుందాం" అంది పిన్ని.

ఇంటి దగ్గర చేసుకోవచ్చు. కానీ ఒక పరీక్ష ముందు చెయ్యాలి. స్క్రూడ్రైవరు తీసుకుని ప్రతి బోల్టు చుట్టూ రేకును, ఛాసిస్ పట్టీని గట్టిగా పొడిచి చూడాలి. టంగుమంటే మంచిదే. మొన లోపలికి దిగిపోతే అక్కడ తుప్పు తినేసింది. అలాంటి బండిని ఇంట్లో ముట్టుకోకూడదు. వెల్డరు దగ్గరికే పోవాలి.

ముందు పుస్తకం, తర్వాత పానా

రబ్బర్లు ఒకటి రెండు మార్చి ఊరుకోకూడదు. కొత్తది ఎత్తుగా ఉంటుంది, పాతది నలిగి ఉంటుంది. బాడీ ఒక మూల లేచి మెలిపడుతుంది. మార్చితే అన్నీ ఒకేసారి మార్చాలి. పాత టైరు కోసి పెట్టేవాళ్లు కూడా ఉన్నారు. దారిలో ఆగిపోతే ఆ పూటకి సరే. కానీ టైరు ముక్క అన్నిచోట్లా ఒకే మందం ఉండదు. నా మాట అడిగితే, ఆ బండి మోడల్‌కు సరిపోయే సెట్టు కొనడమే మేలు.

పిన్ని ఒక నోటుపుస్తకం తీసింది. బండి బొమ్మ గీసింది. బొమ్మంటే ఒక పెట్టె, నాలుగు సున్నాలు. అంతే! కుడి 1, కుడి 2, ఎడమ 1, ఎడమ 2 అని బోల్టు ఉన్న ప్రతి చోటా రాసింది. కొన్ని చోట్ల రబ్బరుతో పాటు పల్చని ఇనుప బిళ్లలు ఉంటాయి. వాటిని మెకానిక్కులు ప్యాకింగు అంటారు. బాడీ ఎత్తు సరిచెయ్యడానికి పెట్టినవి అవి. ఎక్కడ ఎన్ని ఉన్నాయో తీసేటప్పుడే రాసుకోవాలి. తీశాక గుర్తుంటుందిలే అనుకుంటే గుర్తుండదు. బోల్టులు కూడా అన్నీ ఒకే పొడవు ఉండవు. తీసిన బోల్టును దాని వాషరుతో సహా ఒక సంచిలో వేసి, పైన చీటీ కట్టాలి.

పని ముందురోజు సాయంత్రమే ప్రతి నట్టు మీదా తుప్పు వదిలించే ఆయిలు వెయ్యాలి. రాత్రంతా నానితే పొద్దున సగం శ్రమ తగ్గుతుంది.

ఇప్పుడు పని

బండిని చదునైన గట్టి నేల మీద ఆపాలి. వాలులో వద్దు. హ్యాండ్ బ్రేకు వేసి, గేరులో పెట్టి, చక్రాలకు ముందూ వెనకా రాళ్లు అడ్డం పెట్టాలి. బ్యాటరీ వైరు తీసెయ్యాలి. డీజిలు పైపుల దగ్గర పని కాబట్టి చుట్ట, బీడీ దగ్గరికి రానివ్వకూడదు.

బోల్టు తల బండి లోపల ఉంటుంది, నట్టు కింద ఉంటుంది. కాబట్టి ఇద్దరు కావాలి. పిన్ని లోపల కూర్చుని పానాతో బోల్టు తల పట్టుకుంది. బాబాయి కింద నట్టు తిప్పాడు. ముందు రెండు పక్కలా అన్ని నట్లూ వదులు చెయ్యాలి. తర్వాత ఒక పక్కవి మాత్రమే పూర్తిగా తియ్యాలి. రెండో పక్కవి వదులుగా అలాగే ఉండాలి. అవి ఉంటేనే బాడీ పక్కకు జరిగిపోదు.

ఇక ఎత్తడం. ఎత్తేముందు లోపల ఉన్నవాళ్లు దిగిపోవాలి. చక్రాలు నేల మీదే ఉంటాయి. జాకీతో ఎత్తేది బండిని కాదు, బాడీని మాత్రమే. జాకీని నేరుగా రేకుకు పెడితే రేకు సొట్టపోతుంది. మధ్యలో మందపాటి పొడవైన చెక్క పెట్టాలి. ఆ చెక్క అడుగు రేకు కింద ఉండే అడ్డ పట్టీలకు ఆనాలి. జాకీ కొంచెం కొట్టడం, ఆగి చూడటం. మళ్లీ కొంచెం కొట్టడం. పాత రబ్బరు బయటికి వచ్చేంత సందు చాలు. అంగుళం, మహా అయితే అంగుళంన్నర.

ఆగి ఏం చూడాలి? స్టీరింగు రాడ్డు లాగుతోందా? బ్రేకు పైపు, డీజిలు పైపు, వైర్లు బిగుసుకుంటున్నాయా? గేరు రాడ్డు, పెడళ్లు రేకు రంధ్రానికి తగులుతున్నాయా? ఏది లాగినా వెంటనే ఆపాలి. ఆ క్లిప్పు వదులు చేసి అప్పుడు మళ్లీ ఎత్తాలి. మా బాబాయి తొందరపడి ఒక వైరు తెంచాడు. దాంతో వెనక లైటు పోయింది. బ్రేకు పైపు అయ్యుంటే ఏమయ్యేదో మీరే ఆలోచించండి.

ఇది మాత్రం రెండుసార్లు చదవండి. జాకీ జారవచ్చు. జారితే బాడీ ఒక్కసారి ఛాసిస్ మీద పడుతుంది. మధ్యలో వేళ్లుంటే నుజ్జవుతాయి. అందుకే బాడీ లేవగానే, బాడీకి ఛాసిస్‌కు మధ్య గట్టి చెక్క దిమ్మలు రెండు మూడు చోట్ల దూర్చాలి. దిమ్మ పెట్టేటప్పుడు కూడా దాన్ని చివర పట్టుకుని తొయ్యాలి. దిమ్మలు పెట్టనిదే చెయ్యి లోపలికి పోకూడదు. పాత రబ్బరును వేళ్లతో కాదు, పొడవాటి స్క్రూడ్రైవరుతో లాగాలి. పిల్లల్ని ఆ ఛాయలకు రానివ్వకూడదు.

రబ్బరు తీసిన చోట వైరు బ్రష్షుతో తుప్పు గీకాలి. రెడ్ ఆక్సైడ్ రంగు పూసి ఆరనివ్వాలి. ముందురోజు వేసిన ఆయిలు గుడ్డతో శుభ్రంగా తుడవాలి. కొత్త రబ్బరుకు ఆయిలు తగిలితే దానికి మళ్లీ అదే గతి. రబ్బరు బిగుతుగా ఉండి దిగకపోతే సబ్బు నీళ్లు రాయాలి. గ్రీజు రాయకూడదు.

పుస్తకం చూసి, ఏ ప్యాకింగు అక్కడే పెట్టాలి. ఇనుప గొట్టం, రబ్బరు, వాషరు వరసగా వేసి నట్టు చేత్తో తిరిగినంత మట్టుకు పెట్టి వదిలెయ్యాలి. దిమ్మలు తీసి బాడీని మెల్లగా దించాలి. తర్వాత రెండో పక్క. రెండు పక్కలూ అయ్యాకే బిగించడం. ఒక మూల పూర్తిగా బిగించి ఇంకో మూలకు పోకూడదు. అన్నిటినీ కొంచెం కొంచెం బిగిస్తూ రావాలి. ఎంత బిగించాలో కంపెనీ పుస్తకంలో ఉంటుంది. బలం ఉంది కదా అని బిగిస్తే కొత్త రబ్బరు ఆ రోజే నలిగిపోతుంది.

తర్వాత వెనక తలుపు వేసి చూడాలి. గొళ్లెం పడకపోతే ఆ మూల ప్యాకింగు ఒకటి పెంచాలి, లేదా తగ్గించాలి. స్టీరింగు ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పి చూడాలి. బ్రేకు తొక్కి చూడాలి. అప్పుడు ఊళ్లోనే ఖాళీ బండితో ఒక చుట్టు. మనుషుల్ని ఎక్కించేది ఆ తర్వాతే.

పిన్ని వాళ్లకు రెండు రోజులు పట్టింది. రెండో రోజు ఎక్కువగా పోయింది ఒకే ఒక్క తుప్పు బోల్టుకు. సంత నాటికి జీపు సిద్ధమైంది. ఆ ఇనుప మోత లేదు. కమాను పట్టీల కిర్రుమనే చప్పుడు ఇప్పుడు బాగా వినిపిస్తోంది. "ఇన్నాళ్లూ ఆ మోతలో ఇది కలిసిపోయింది" అన్నాడు బాబాయి.

సంత నుంచి వచ్చాక ఇద్దరూ మళ్లీ పానాలు పట్టుకున్నారు. కొత్త రబ్బరు బరువుకు సర్దుకుని కొంచెం దిగుతుంది కదా, నట్లు మళ్లీ చూసుకోవాలి. పిన్ని పుస్తకం తెరిచి ఒక్కో పేరు చదివింది. బాబాయి ఒక్కో నట్టు పట్టి చూశాడు. ఎడమ 3 ఒక్కటే పావు చుట్టు తిరిగింది. పిన్ని ఆ సంగతి, ఆనాటి తేదీ పుస్తకంలో రాసుకుంది.