ఏకాదశి నాడు 64

షుగర్ యాప్‌లలో ఏది మంచిదో తేల్చి గురువారంకల్లా ముఖచిత్ర కథనం ఇమ్మన్నారు సంపాదకులు. యాప్‌లు చాలానే చూశాను. రాజమండ్రిలో ఉండే ఒక రిటైర్డ్ టీచరుగారు తన ఫోన్లోంచి పంపిన నెల రోజుల రిపోర్టు చదివాక వాటి మధ్య పోటీ పెట్టాలనిపించలేదు.

మొదటి పేజీలో గ్రాఫు. సగటు 148, పక్కన ఆకుపచ్చ టిక్కు. అసలు సంగతి రెండో పేజీలో ఉంది. ప్రతి రీడింగు పక్కనా ‘నోట్’ అని ఒక గడి. చాలామంది ఖాళీగా వదిలేస్తారు, ఆవిడ వదల్లేదు. పరగడుపున 142: ‘రాత్రి పదకొండింటికి పెళ్లి భోజనం.’ తిన్న రెండు గంటలకు 238: ‘ఆడపడుచు ఇంట్లో కాదనలేక రెండు బొబ్బట్లు.’ ఇంకోరోజు 171: ‘మినపరొట్టె. యాప్‌లో లేదు, ఇడ్లీ అని వేశాను.’ సాయంత్రం నాలుగింటికి 64: ‘ఏకాదశి. మాత్ర వేసుకున్నా, ఏమీ తినలేదు. చేతులు వణికాయి.’ పదిహేను రోజుల తర్వాత 66. మళ్లీ ఏకాదశే.

ఆవిడ వేసుకునేది గ్లిమెపిరైడ్. అది క్లోమం చేత ఇన్సులిన్ ఎక్కువగా విడుదల చేయిస్తుంది. మనం తిన్నా తినకపోయినా దాని పని అది చేసుకుపోతుంది, ఉపవాసం నాడు షుగర్ పడిపోయేది అందుకే. 238నీ 64నీ కలిపి సగటు తీస్తే రెండూ కనబడవు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బిఎ1సి పరీక్షలోనూ అంతే. ఆవిడ డాక్టరు గ్రాఫు దాటేసి ఆ గడులు చదివారు. ఉపవాసం రోజుల్లో మాత్ర ఎలా వేసుకోవాలో విడిగా రాసిచ్చారు.

‘‘నంబరొక్కటే చూస్తే నాకేం గుర్తుంటుందండీ, ఆ పూట ఏం జరిగిందో రాసుకుంటేనే కదా’’ అన్నారావిడ.

యాప్‌లు ఇచ్చే పాయింట్ల మీద, బ్యాడ్జీల మీద నాకు నమ్మకం తక్కువ. ఈ గడి మీద మాత్రం గురి కుదిరింది. కాకపోతే రాసింది చదివేవాళ్లు ఒకరుండాలి, డాక్టరో, నర్సో, ఇంట్లో పిల్లలో. ఎవరూ చూడని లెక్క ఎన్నాళ్లని రాస్తారు?

షుగర్ కొలిచే మీటరు నుంచి ఇలాంటి యాప్‌ల దాకా రావడానికి చాలా ఏళ్లే పట్టింది. తొలి గ్లూకోమీటర్ 1970లో అమెరికాలో వచ్చింది. తర్వాత బ్లూస్టార్ పేరుతో వచ్చిన మధుమేహ యాప్‌కు 2010లో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి దొరికింది. వియన్నాలో పుట్టిన మైషుగర్ యాప్‌ను 2017లో మందుల కంపెనీ రోష్ కొనుక్కుంది. వీటితో పనిపడే మధుమేహులు మన దేశంలో 10.1 కోట్లని 2023లో ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం లెక్కగట్టింది.

యాప్ కూడా లేకుండా ఫలితం చూపించింది చెన్నైకి చెందిన డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం. షుగర్ వచ్చే ముప్పున్న 537 మంది మగవాళ్లను తీసుకుని, సగం మందికి రెండేళ్లపాటు మామూలు ఎస్సెమ్మెస్‌లు పంపారు. ఎవరి అలవాట్లు ఏ దశలో ఉన్నాయో చూసి పంపినవవి. మెసేజీలు అందుకున్నవారిలో 18 శాతం మందికి, అందుకోనివారిలో 27 శాతం మందికి షుగర్ వచ్చింది. 2013లో అచ్చయిన ఈ ఫలితం యాప్‌లు తయారుచేసేవాళ్లందరూ చదవాలి.

షుగర్ పడిపోతే

రీడింగు 70 కంటే తగ్గితే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగాలి. పదిహేను నిమిషాలాగి మళ్లీ చూసుకోవాలి, పెరగకపోతే మళ్లీ తాగాలి. స్పృహ తప్పిన మనిషి నోట్లో ఏమీ పోయకూడదు, ఆసుపత్రికి తీసుకెళ్లాలి. యాప్ చెప్పిందని ఇన్సులిన్ డోసు మార్చుకోవద్దు, ముందు డాక్టరుకు ఫోన్ చేయండి.