కుండీలో కుక్కగొడుగు.. కూరకు పనికిరాదు
మాహూర్: వానలు పట్టాయంటే రేణుకామాత కొండ చుట్టూ అడవి పచ్చబడుతుంది. ఇంటిముందు కుండీల్లోనూ రాత్రికి రాత్రే నిమ్మపండు రంగు చిట్టి గొడుగులు లేస్తుంటాయి. మనవాళ్లు కుక్కగొడుగులంటే, మరాఠీవాళ్లు 'కుత్ర్యాచీ ఛత్రీ' అంటారు. భాష వేరైనా మాట ఒకటే!

చెదపుట్టల మీద మొలిచినవి ఏరుకొచ్చి కూర వండుకోవడం మనకు అలవాటే. చిక్కంతా అక్కడే. కుండీలోని పసుపు రకం తింటే కడుపులో తిప్పి వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. పసిపిల్లలున్న ఇంట్లో మరీ జాగ్రత్త. చేత్తో తాకితే మాత్రం ఏమీ కాదు. శాస్త్రవేత్తలు దీన్ని ల్యూకోకోప్రినస్ బిర్న్‌బామీ అంటారు. 1839లో కోర్డా అనే ఆయన ఒక తోటమాలి పేరు మీద పెట్టిన పేరిది.

మొక్కకు దీంతో హాని లేదు. మట్టిలోని పశువుల ఎరువు, కుళ్లిన ఆకులే దాని తిండి. కంగారుపడి మొక్కను పీకేయొద్దు. గొడుగు విచ్చుకోకముందే తీసి పారేస్తే పొడి రాలదు. అయినా సన్నటి దారాలు మట్టిలోనే ఉంటాయి, మళ్లీ మొలుస్తాయి. నీళ్లు తగ్గించి, కుండీని గాలి తగిలేచోటికి జరిపితే కొంత నయం. పొరపాటున ఎవరైనా తింటే ఆ గొడుగు ముక్క వెంట తీసుకుని ఆసుపత్రికి పరుగెత్తాలి.