అమెరికా అధ్యక్షుని ఎన్నిక: పోరాడు రాష్ట్రములు, విడిచిన రాష్ట్రములు



అమెరికా సంయుక్త రాష్ట్రములలో నాలుగేండ్లకొకసారి అధ్యక్షుని ఎన్నిక జరుగును. ఆ దేశమున రాష్ట్రములు 50. అధ్యక్ష పదవిని కోరువాడు దేశమంతయు తిరిగి అందఱిని వోటడుగునని మనము తలచుట సహజము. కాని అట్లు జరుగదు. 2024 సంవత్సరపు ఎన్నికలో ఉభయపక్షములవారును తమ ధనమును, కాలమును ముఖ్యముగా 7 రాష్ట్రములయందే వెచ్చించిరి. తక్కిన 43 రాష్ట్రములను దాదాపుగా విడిచిపెట్టిరి. ఎచ్చట పోరాడవలెనో, దేనిని విడువవలెనో వారెట్లు నిర్ణయింతురు? దానివలన నష్టపడువారెవరు? ఈ ప్రశ్నలే నేటి ప్రసంగమునకు విషయము.

ముందుగా అచ్చటి విధానము నెఱుగవలెను. అధ్యక్షుని ప్రజలు నేరుగా ఎన్నుకొనరు. ప్రతి రాష్ట్రమునకును కొందఱు నిర్వాచకులుందురు. ఆ రాష్ట్రమునుండి ప్రతినిధుల సభకు పోవువారి సంఖ్యకు సెనేటుకు పోవు ఇద్దఱిని చేర్చినచో ఎంత అగునో, నిర్వాచకులు అంతమంది. కాలిఫోర్నియాకు 54 మంది. జనము స్వల్పముగానున్న వయోమింగుకు ముగ్గురే. రాజధానియగు వాషింగ్టను నగరమునకును ముగ్గురు కలరు. మొత్తము 538 మంది. వారిలో 270 మందిని పొందినవాడు అధ్యక్షుడగును.

ఇంతవఱకు చిక్కు లేదు. చిక్కంతయు తరువాతి నియమమున నున్నది. మెయిన్, నెబ్రాస్కా అను రెండు రాష్ట్రములు తప్ప, తక్కిన అన్ని రాష్ట్రములలోను ఒక్క వోటు హెచ్చుగా వచ్చినవానికే అచ్చటి నిర్వాచకులందఱును దక్కుదురు. రెండవవానికి ఒక్కడును దక్కడు. 2020లో ట్రంపునకు కాలిఫోర్నియాలో 60 లక్షలకు పైగా వోట్లు వచ్చినవి. తాను గెలిచిన టెక్సాసులో సైతము ఆయనకు అన్ని వోట్లు రాలేదు. అయినను కాలిఫోర్నియానుండి ఆయనకు ఒక్క నిర్వాచకుడును లభింపలేదు. అచ్చట మఱి 10 లక్షల వోట్లు సంపాదించినను ఫలము మాఱెడిది కాదు.

చెఱువు క్రింద సేద్యము చేయు రైతునకు ఈ సంగతి సులభముగా బోధపడును. నీరు కొంచెమే యున్నప్పుడు అతడు నిండుగా తడిసియున్న మడికి నీరు పెట్టడు. పూర్తిగా ఎండిపోయిన మడికిని పెట్టడు. ఒక్క తడి యిచ్చినచో పంట చేతికి వచ్చును, ఈయనిచో పోవును అనుకొన్న మడికే మడవ తీయును. అభ్యర్థికి నీటివంటివి రెండు: ధనము, కాలము. ధనము చందాలవలన మరల చేరవచ్చును. ఎన్నికకు ముందు మిగిలిన దినములు మాత్రము తఱుగుటయే గాని పెరుగుట లేదు.

కావున పక్షములవారు ప్రతి రాష్ట్రమునుగూర్చి నాలుగు ప్రశ్నలు వేసికొందురు. మొదటిది, అచ్చట నిర్వాచకులెందఱు? రెండవది, గత ఎన్నికలలో ఇరుపక్షములకు నడుమ అంతరమెంత, నేటి అభిప్రాయ సేకరణలలో ఎంత? మూడవది, అచ్చట టెలివిజను ప్రకటనలకును, కార్యకర్తలకును వ్యయమెంత? నాల్గవది కొంత సూక్ష్మమైనది: ఈ రాష్ట్రము చేరుటచేతనే 270 పూర్తి యగునా, లేక ఇది మనవైపు మొగ్గునంతటి అనుకూలత యున్నప్పుడు తక్కినవానితోనే మనము గెలిచి యుందుమా? పోటీ బిగువుగా నున్నప్పుడు ఏది చేరి సంఖ్యను పూర్తిచేయునో, దానికే అగ్రస్థానము.

2024లో ఈ పరీక్షకు నిలిచినవి పెన్సిల్వేనియా 19, జార్జియా 16, ఉత్తర కరోలినా 16, మిషిగను 15, అరిజోనా 11, విస్కాన్సిను 10, నెవాడా 6. కలిసి 93 మంది నిర్వాచకులు. వీనిని వదలి లెక్కించినచో కమలా హ్యారిసుకు 226, ట్రంపునకు 219. ఏడును ట్రంపునకే దక్కుటచేత ఆయన సంఖ్య 312 అయినది.

మన రాజనీతిశాస్త్రము చెప్పిన ఆఱు గుణములలో యానమనగా దండెత్తి పోవుట. ఆసనమనగా కదలక యుండుట. బలాబలముల నెఱిగి కూర్చుండుట పిఱికితనము కాదు. అయితే లెక్క తప్పినచో రెండును చేటు తెచ్చును.

1960లో నిక్సను 50 రాష్ట్రములకును వచ్చెదనని బహిరంగముగా మాట యిచ్చెను. మోకాలి జబ్బుచేత దాదాపు రెండు వారములు ఆసుపత్రిలో నుండవలసి వచ్చినను మాట మార్చుకొనలేదు. ఎన్నికకు ముందటి చివరి ఆదివారమున ముగ్గురే నిర్వాచకులుగల అలాస్కాకు పోయెను. అలాస్కా ఆయనకే దక్కినది. కాని 27 మంది నిర్వాచకులుగల ఇల్లినాయి 9 వేలకు లోపు వోట్లతో చేజాఱినది. ఆ ఒక్కటియే ఫలమును మార్చెడిది కాదు గాని, ఆ దినము విలువ యెట్టిదో దీనివలన తెలియుచున్నది. ఆయన ఆడిన మాట తప్పలేదు, పదవి తప్పినది.

2000లో ఆల్ గోర్ పక్షమువారు గెలుపు కష్టమని తలచి, అక్టోబరు మొదట ఒహాయోలో ప్రకటనలు నిలిపివేసిరి. చివరకు ఫ్లారిడాలో 537 వోట్ల తేడాతో అధ్యక్ష పదవి పోయినది. ఒహాయోలోని 21 మంది దక్కియుండినచో ఫ్లారిడాతో పనియే లేకపోయెడిది. పోరాడియుండినచో దక్కెడివారని మాత్రము ఎవరును రూఢిగా చెప్పజాలరు.

2016లో జరిగిన పొరపాటు మఱియొక విధమైనది. హిల్లరీ క్లింటను విస్కాన్సినును తనదేయని నమ్మి, అభ్యర్థినిగా ఎన్నికైన పిమ్మట ఒక్కసారియైనను అచ్చటికి పోలేదు. అచ్చట 23 వేలకు లోపు వోట్లతో ఓడెను. నిండియున్నదనుకొన్న మడికి గండి పడినది. కాని పెన్సిల్వేనియాకు పలుమాఱులు పోయియు అచ్చటను ఓడెను. దేశమంతట ఆమెకు 28 లక్షలకు పైగా వోట్లు హెచ్చుగా వచ్చినను పదవి దక్కలేదు.

ఇక నష్టపడువారి మాట. అమెరికా పౌరులైన మన తెలుగువారిలో కొందఱు టెక్సాసులోని డల్లాసు పరిసరములందును, కొందఱు జార్జియాలోని అట్లాంటా పరిసరములందును కాపురమున్నారు. 2024లో అట్లాంటాలోనివాని తలుపు పలువురు తట్టిరి, జాబులు వ్రాసిరి, వాని కష్టసుఖములు విచారించిరి. డల్లాసులోనివానిని అధ్యక్షపదవికై అడిగినవారు అరుదు. చట్టమున ఇరువురి వోటును ఒక్కటియే. పక్షములవారి దృష్టిలో దాని వెల వేఱు. విడిచిన రాష్ట్రమున స్థానికాభ్యర్థులకును సాయము తఱుగును. పోరాట రాష్ట్రములలోకంటె అట్టిచోట్ల వోటు వేయువారి శాతము సాధారణముగా తక్కువ.

అయినను ఈ పట్టిక శాశ్వతము కాదు. 537 వోట్లతో తేలిన ఫ్లారిడా 2024 నాటికి పోరాట రాష్ట్రముల లెక్కలో లేదు. చిరకాలము రిపబ్లికను పక్షమునకు నిశ్చయమని యెంచిన జార్జియా 2020లో 12 వేలకు లోపు వోట్లతో బైడెనుకు దక్కినది. అంతకుముందు ఆ పక్షమునకు దక్కినది 1992లో. ఆ నడుమ ఆఱు ఎన్నికలలో ఓడుచునే వోటు వేయుచు వచ్చినవారు లేకున్నచో అంతరము తగ్గెడిది కాదు, అభ్యర్థులు ఆ దారి పట్టెడివారు కారు. లెక్క వేయువారు చూచునది గత ఎన్నిక యంతరమునే గదా! ఫలము ముందే తెలిసినదని ఇంట కూర్చున్నవాడు తన రాష్ట్రమును విడిచిన రాష్ట్రముగనే యుంచుచున్నాడు. ఓడుదునని తెలిసియు వోటు వేసినవాడు రాబోవు ఎన్నిక లెక్కను మార్చుచున్నాడు.