దేవయాని వెలుగును పట్టుట

కార్తికమాసమున వానలు వెలిసిన పిమ్మట, అమావాస్యకు చేరువైన రాత్రులలో, మన శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల పొలములగట్టున నిలిచి ఎనిమిది గంటల వేళ తల యెత్తి చూడుడు. నడినెత్తిన నాలుగు తారలు పెద్ద చతురస్రముగ కానవచ్చును. మన పంచాంగములలోని పూర్వాభాద్ర, ఉత్తరాభాద్రలు ఇవియే. దాని ఈశాన్యపు మూలనున్న తార నుండి ఈశాన్యముగనే సాగి రెండవ తారను చేరి, అచ్చట వాయవ్యమునకు తిరిగి రెండు చిన్న తారలు దాటినచో, మబ్బుతునక వంటి మసక వెలుగు కంటబడును. అదియే దేవయాని గెలాక్సీ.

అరసవల్లిలో స్వామి పాదములను తాకు సూర్యకిరణము సూర్యుని విడిచి ఎనిమిది నిమిషములే యైనది. దేవయాని వెలుగు బయలుదేరి సుమారు 25 లక్షల సంవత్సరములైనది.

ఇంత దూరపు వెలుగును ఫొటో తీయుట ఔత్సాహికునకు సాధ్యమా? సాధ్యమే. కన్ను దోసిలి వంటిది. పట్టిన నీటిని వెంటనే జారవిడుచును. కెమెరా చూరుక్రింది గంగాళము వంటిది; చుక్క చుక్కగ కూడబెట్టును. 1888లో ఇంగ్లండునందు లివర్‌పూల్ సమీపమున ఐజాక్ రాబర్ట్స్ అను కట్టడముల గుత్తేదారు, 20 అంగుళముల దర్పణముగల దూరదర్శినితో, ఒక్క ఫలకమును నాలుగు గంటలు తెరచి యుంచి దీనిని ఫొటో తీసెను. సుడులు తిరిగిన దాని రూపము అప్పుడు లోకమునకు తెలిసెను.

ఔత్సాహికులు మనకును కొత్తవారు కారు. పొరుగుననున్న విశాఖపట్టణమున గోడే వెంకట జగ్గారావుగారు 1840లో సొంత ఖర్చుతో వేధశాల నెలకొల్పిరి. వారి అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు దానిని నడిపి, 1874లో శుక్రుడు సూర్యబింబము మీదుగా సాగుటను అచ్చట నుండియే పరిశీలించిరి.

నేడు ఫలకమునకు బదులు డిజిటల్ కెమెరా వచ్చినది. కాని చిక్కు పాతదే. భూమి తిరుగుటచే నక్షత్రములు గంటకు 15 డిగ్రీలు జరుగును. కావున కెమెరాను వాటితోపాటు మెల్లగ త్రిప్పు యంత్రము కావలెను. దాని ఇరుసు ధ్రువుని వైపు చూడవలెను. శ్రీకాకుళమున ధ్రువుడు దిగంతమునకు 18 డిగ్రీల ఎత్తుననే యుండును. ఉత్తరమున చెట్టు, మేడ అడ్డముండరాదు. 200 మిల్లీమీటర్ల లెన్సుతో రెండేసి నిమిషముల ఫొటోలు అరువది తీసి, కంప్యూటరులో ఒకటిగ కలిపినచో రెండు గంటల వెలుగు ఒక్క పటమున చేరును.

మా తొలి ప్రయత్నము మంచుపాలాయెను. సముద్రపు తేమగాలికి లెన్సు తెల్లబడుటను రెండు గంటల పిమ్మటగాని గమనింపనైతిమి. పటములన్నియు మసకలే! అప్పటినుండి లెన్సుకు వెచ్చని పట్టీ చుట్టుచున్నాము.

మంచుకు మందు కలదు. పొరుగింటి పెరటిదీపమునకు యంత్రములలో మందు లేదు. పైకి చిమ్ము ఆ వెలుగు గెలాక్సీ అంచులను మ్రింగివేయును. లక్షల సంవత్సరములు నడచివచ్చిన కాంతి మన ముంగిటికి వచ్చి ఓడిపోవుచున్నది. దీపమునకు పైన మూత వేసి, వెలుగు నేలకే పడునట్లు చేసికొనిన చాలును. దారియు కనబడును, ఆకాశమును మిగులును.

ఈ అమావాస్యకు పెరటిదీపము నొక అరగంట ఆర్పి, పిల్లలకు ఆ మసక మచ్చను చూపుడు. కెమెరా తరువాత కొనవచ్చును.