నాన్న రిపోర్టులోని లైపోప్రొటీన్, బ్యాక్టీరియా ఒంట్లో ఏం చేస్తోంది?



మొన్న క్లాసులో బ్యాక్టీరియా గురించి చెబుతుంటే ఒక బాబు లేచి, "మేడమ్, మా నాన్న రక్త పరీక్ష రిపోర్టులో లైపోప్రొటీన్ అని ఉంది. బ్యాక్టీరియాకూ అదే ఉంటే వాటికీ కొలెస్ట్రాల్ వస్తుందా?" అని అడిగాడు. క్లాసంతా నవ్వింది. కానీ మంచి ప్రశ్న. మీకూ పనికొస్తుందని జవాబు ఇక్కడ రాస్తున్నాను.

పేరు ఒకటే, పని వేరు

రిపోర్టులో కనిపించే ఎల్‌డీఎల్, హెచ్‌డీఎల్ అనేవి రక్తంలో కొవ్వును మోసుకెళ్లే చిన్న మూటలు. బ్యాక్టీరియాలో లైపోప్రొటీన్ అంటే ఒక ప్రొటీన్, దాని మొదట్లో ఉన్న సిస్టీన్ అనే అమైనో ఆమ్లానికి అతుక్కున్న రెండు మూడు కొవ్వు గొలుసులు. ఈ గొలుసులు కణపొరలో దిగబడి ఉంటాయి. గుంజకు కట్టేసిన గేదెలాగా ప్రొటీన్ అక్కడే ఉండి తన పని చేస్తుంది.

ఏమేం పనులు?

మన పెద్ద రసం పండు తిన్నాక చూడండి, పీచు టెంకను వదలదు. మన పేగుల్లో ఉండే ఈ.కోలై బ్యాక్టీరియాలోనూ ఒక లైపోప్రొటీన్ అలాగే బయటి పొరను లోపలి గోడకు పట్టి ఉంచుతుంది. 1969లో జర్మనీ శాస్త్రవేత్త ఫోల్కమార్ బ్రౌన్ దీన్ని వివరించారు. ఇందులో ఉన్నవి 58 అమైనో ఆమ్లాలే. ఇది లేకపోతే బయటి పొర ఉబ్బి, లోపలి పదార్థం కారిపోతుంది. మరికొన్ని లైపోప్రొటీన్లు ఆహారాన్ని పట్టుకుంటాయి, పొరలు కట్టడంలో సాయపడతాయి.

మన శరీరానికి ఇవి దొంగ అడుగుజాడల లాంటివి. రోగనిరోధక కణాల మీద ఉండే టీఎల్‌ఆర్2 ఆ కొవ్వు గొలుసులను గుర్తుపట్టి హెచ్చరిక పంపుతుంది.

వానాకాలంలో మనకెందుకు?

ర్యాట్ ఫీవర్, అంటే లెప్టోస్పైరోసిస్, తెచ్చే బ్యాక్టీరియా పొరలో లిప్ఎల్32 అనే లైపోప్రొటీన్ చాలా ఎక్కువగా ఉంటుంది. జబ్బు చేయని లెప్టోస్పైరా జాతుల్లో ఇది ఉండదు. అందుకే దీని జీన్‌ను వెతికే పీసీఆర్ పరీక్షలతో జబ్బును గుర్తిస్తారు.

ఎలుకల మూత్రం కలిసిన నీళ్లలో, బురదలో నడిస్తే కాలి పుండ్లు, గీతల ద్వారా ఈ బ్యాక్టీరియా లోపలికి వస్తుంది. తోటల్లో, పొలాల్లో తిరిగే మన పిల్లలకు ఈ సంగతి తెలియాలి.

మీరు చేయాల్సినవి:

- నీళ్లు నిలిచిన చోటికి చెప్పులు లేకుండా పంపకండి. కాలికి పుండు ఉంటే అసలు దిగనివ్వకండి.
- తోట నుంచి రాగానే కాళ్లూ చేతులూ సబ్బుతో కడిగించండి.
- జ్వరంతో పాటు తలనొప్పి, పిక్కల నొప్పి, కళ్లు ఎర్రబడటం ఉంటే ఆలస్యం చేయకండి. బురదలో ఆడిన సంగతి డాక్టర్‌కు తప్పక చెప్పండి. ముదిరితే కాలేయం, కిడ్నీలు దెబ్బతింటాయి.
- మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్ వేయకండి.

ఈ జబ్బుకు డాక్టర్లు వాడే మందుల్లో డాక్సీసైక్లిన్ ఒకటి. అది టెట్రాసైక్లిన్ కుటుంబానిది. ఆ కుటుంబంలో మొదటి మందు ఆరియోమైసిన్ 1948లో వెలువడింది, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలోని పరిశోధన విభాగం నుంచే. ఈ సంగతి మీ పిల్లలకు ఇవాళ రాత్రి భోజనాల దగ్గర చెప్పండి.

మీ పిల్లల సైన్స్ టీచర్