పనికి రకం రాయండి



కిందటి వానాకాలంలో జరిగిన ఒక సంగతి ముందుగా చెప్పాలి. ఆలయం పనులన్నీ ఫోన్‌లో ఒకే జాబితాగా రాసుకునేవాళ్లం. వినాయక చవితి ముందు ఆ జాబితాలో పత్రి, అరటాకులు, షామియానా, చందా రసీదుల మధ్య "వంటశాల స్విచ్‌బోర్డు పక్కన నీరు కారుతోంది" అన్న మాట కూడా ఉంది. చదివినవారంతా ఏం కొనాలో చూసుకోవడానికే చదివారు. తొమ్మిది రోజులు అది అలాగే ఉండిపోయింది. చివరకు ప్రసాదం వండడానికి వెళ్లినవారికి గోడ తగిలి షాక్ కొట్టింది. దేవుడి దయవల్ల పెద్ద ప్రమాదం జరగలేదు. ఆ తప్పు మా కమిటీదే. పనులు రాయించాం గాని, ఏది ఏ రకం పనో రాయించలేదు.

అందుకే ఇప్పుడు పనుల జాబితాను ట్రెల్లోలోకి మార్చాం. అందులో ప్రతి పనీ ఒక కార్డు. చేయవలసినవి, జరుగుతున్నవి, అయినవి అని మూడు వరుసలు ఉంటాయి. కార్డు ఏ వరుసలో ఉందో చూస్తే పని ఎంతవరకు వచ్చిందో తెలుస్తుంది. కార్డు మీది రంగు లేబుల్ చూస్తే అది ఏ రకం పనో తెలుస్తుంది. ఈ రెండింటినీ కలపకండి. "అర్జెంటు" అన్నది కూడా రకం కాదు. మరమ్మతూ అర్జెంటు కావచ్చు, పూలూ అర్జెంటు కావచ్చు.

రకం ఎందుకంటే, దాన్ని బట్టి మనం అడగవలసిన ప్రశ్న మారుతుంది.

ఎరుపు, మరమ్మతు: ఎక్కడ? ప్రమాదం ఉందా? ఫోటో పెట్టండి.
పసుపు, ఉత్సవం: ఏ తేదీ? అక్కడి నుంచి వెనక్కి లెక్క వేయండి. ఏప్రిల్‌లో తింజన్ సెలవులకు దుకాణాలు మూస్తారని మరవకండి.
ఆకుపచ్చ, కొనుగోలు: ఎంత కావాలి? డబ్బు ఎవరి దగ్గర ఉంది?
నీలం, నిత్యం: దీపాల నూనె, జనరేటరు డీజిలు వంటివి. మళ్లీ ఎప్పుడు కావాలి?
ఊదా, కాగితాలు: గడువు ఎప్పుడు?

సాఫ్ట్‌వేర్ కంపెనీలలోనూ ఇదే పద్ధతి. రెడ్‌మైన్‌లో ఈ రకాలను ట్రాకర్లు అంటారు, జీరాలో ఇష్యూ టైపులు అంటూ వచ్చారు. లోపం ఒక రకం, కొత్త సౌకర్యం ఇంకో రకం. లోపమైతే ఎలా బయటపడిందో అడుగుతారు, కొత్త సౌకర్యమైతే ఎవరికి ఎందుకు కావాలో అడుగుతారు.

ఒక కార్డుకు ఒకే రకం పెట్టండి. పైపు కారుతోంది, కొత్తది కొనాలి అంటే అవి రెండు కార్డులు. "ఇతరాలు" అన్న రకం కావాలనే పెట్టలేదు. అది ఉంటే అన్నీ అందులోకే చేరతాయి. రకాలు ఐదే ఉంచడానికి కారణం, వాటిని అందరూ గుర్తుపెట్టుకోగలగాలి. తెలుగు చదవలేక బర్మీస్ మాత్రమే చదివే మన పిల్లలకు రంగు చూస్తే చాలు. రంగులు పోల్చుకోలేనివారి కోసం ప్రతి లేబుల్ మీదా పేరు కూడా ఉంటుంది.

ఎరుపు కార్డులను ప్రతి ఉదయం కమిటీ నుంచి ఒకరు విడిగా తీసి చూస్తారు. ఫోన్ అలవాటు లేని పెద్దలు ఆఫీసు నోటుపుస్తకంలో రాయండి, కార్డు మేము చేస్తాం. మీరు మొదటి మాటగా రకం రాస్తే చాలు. నీరు కారడం ఈసారి అరటాకుల మధ్య ఉండిపోకూడదు.